వైల్డ్ అట్లాంటిక్ వే: ఐర్లండు పశ్చిమతీర యాత్రామార్గము

నిర్వచనము

ఐర్లండు ద్వీపమునకు ఉత్తరమున ఇనిషోవెన్ ద్వీపకల్పము మొదలుకొని దక్షిణమున కిన్సేల్ పట్టణము వరకు, అట్లాంటిక్ మహాసముద్రపు అంచును వీలైనంతవరకు విడువక సాగు సుమారు 2,500 కిలోమీటర్ల యాత్రామార్గమునకు వైల్డ్ అట్లాంటిక్ వే అని పేరు. అట్లాంటిక్ వన్యమార్గమని దీనిని తెనిగింపవచ్చును. ఐర్లండు పర్యాటకాభివృద్ధి సంస్థయైన ఫాల్చా ఐర్లండు 2014లో దీనిని ప్రారంభించినది. డోనెగాల్, లీట్రిమ్, స్లైగో, మేయో, గాల్వే, క్లేర్, లిమరిక్, కెర్రీ, కార్క్ అను తొమ్మిది కౌంటీల గుండ ఈ మార్గము పోవును. వీనిలో లీట్రిమ్ కౌంటీకి గల సముద్రతీరము ఐదు కిలోమీటర్లకు మించదు.

ఈ మార్గమును గూర్చి మొట్టమొదట తెలిసికొనవలసిన సంగతి యేమనగా, దీనికొరకై కొత్తగా వేసిన రోడ్డు లేదు. పూర్వమునుండి యున్న దారులనే, అనగా జాతీయ రహదారులు, పల్లెదారులు, రేవుదారులు, పశువులను తోలుకొనిపోవు డొంకలు మున్నగువానిని ఒకదాని కొకటి కలిపి, కూడళ్లయందు తరంగాకారపు గుర్తుగల నీలి సూచికలను నిలిపి, ఒకే మార్గముగ గుర్తించిరి. సముద్రమును చూచుటకు అనువైన 150కి పైగా తావులను దృశ్యస్థానములుగ నిర్ణయించి, తుప్పుపట్టినట్లు కనబడు ఉక్కు స్తంభములపై ఆయా స్థలనామములను చెక్కించిరి. కావున ఈ మార్గచరిత్ర యనగా దానియందు కలిసిన పాతదారుల చరిత్రయే. ఆ దారులలో విహారమునకై వేసినవి మిక్కిలి తక్కువ.

భౌతిక స్వరూపము

ఐర్లండు ప్రధానభూమికి ఉత్తరపు కొనయైన మేలిన్ హెడ్ నుండి కిన్సేల్‌కు ఆకాశమార్గమున కొలిచినచో 420 కిలోమీటర్లైనను ఉండదు. తీరము వెంబడి పోయినచో అదే దూరము దాదాపు ఆరు రెట్లగుచున్నది. ఇంతటి భేదమునకు కారణము ఆ తీరము కోసుకొనిపోయిన తీరు.

కెర్రీ, కార్క్ కౌంటీలలో డింగిల్, ఐవెరా, బేరా, షీప్స్ హెడ్, మిజెన్ అను ఐదు ద్వీపకల్పములు నైరృతి దిక్కుగా సముద్రములోనికి చాచుకొని యున్నవి. సుమారు 30 కోట్ల సంవత్సరములకు పూర్వము భూపటలము ముడుతలు పడినప్పుడు గట్టిదైన ఎఱ్ఱ ఇసుకరాయి గట్లుగను, మెత్తనిదైన సున్నపురాయి లోయలుగను ఏర్పడి, కాలక్రమమున లోయలలోని సున్నపురాయి అరిగిపోయినది. హిమయుగాంతమున సముద్రమట్టము పెరిగి ఆ లోయలు మునిగినవి. డింగిల్, కెన్‌మేర్, బాంట్రీ అఖాతములు ఇట్లు ఏర్పడినవే. ఒక ద్వీపకల్పపు కొననుండి ఎదుటి ద్వీపకల్పపు కొనను కంటితో చూడవచ్చును గాని, దానిని చేరుటకు అఖాతము చుట్టును తిరిగి, కొన్ని తావుల నూరు కిలోమీటర్లకు పైబడి ప్రయాణింపవలసియుండును.

క్లేర్ కౌంటీలోని మోహర్ భృగువులు, అనగా సముద్రముపై నిట్టనిలువుగా నిలిచిన కొండచరియలు, 14 కిలోమీటర్ల పొడవున వ్యాపించి, గరిష్ఠముగ 214 మీటర్ల ఎత్తు కలవియై యున్నవి. సుమారు 32 కోట్ల సంవత్సరములనాటి నదీముఖమున పేరుకొనిన ఇసుక, ఒండ్రు గట్టిపడి ఈ పొరలైనవి. ఈ తీరమున ఇంతకంటె ఎత్తైన చరియలు వేఱుగ కలవు: డోనెగాల్‌లోని స్లీవ్ లీగ్ 601 మీటర్లు, మేయోలోని ఆకిల్ ద్వీపముననున్న క్రోహాన్ 688 మీటర్లు. మోహర్‌కు గల ప్రసిద్ధి ఈ రెంటికిని లేదు. కాని ఇవి పూర్తిగా నిట్టనిలువైనవి గాక, సముద్రములోనికి వాలుగా దిగు మహాపర్వతపార్శ్వములు.

మోహర్‌కు ఉత్తరముననున్న బరెన్ ప్రాంతమున సున్నపురాయి బట్టబయలై, పలకలు పఱచినట్లుండును. పైకి బూడిదరంగు బండలే కనబడును గాని, వాని పగుళ్లలో మధ్యధరా ప్రాంతపు మొక్కలును, ఆల్ప్స్ శిఖరములపై పెరుగు మొక్కలును పక్కపక్కనే పూచుట వృక్షశాస్త్రజ్ఞులకు చిరకాలముగ ఆశ్చర్యకరమైన విషయము. మేలిన్ హెడ్‌కు ఎదుటనున్న ఇనిష్‌ట్రాహల్ దీవియందలి శిలలు సుమారు 178 కోట్ల సంవత్సరములనాటివి. ఐర్లండులో ఇంతకంటె ప్రాచీనమైన శిల తెలియరాలేదు.

ఉత్తర అట్లాంటిక్ ఉష్ణప్రవాహము వలన ఇంత ఉత్తర అక్షాంశముననున్నను ఇచ్చట మంచు కురియుట అరుదు. వర్షము మాత్రము ఏడాది పొడుగునను కురియును. వాయువు ప్రధానముగ నైరృతి నుండి వీచును. 2025 జనవరి 24న తుపాను సమయమున గాల్వే తీరముననున్న మేస్ హెడ్ వద్ద గంటకు 183 కిలోమీటర్ల వేగముతో గాలి వీచి, 1945 నుండి యున్న దేశపు రికార్డును అధిగమించినది.

చరిత్ర

ఈ తీరమున జనావాసము మిక్కిలి ప్రాచీనము. మేయో ఉత్తరభాగమునందలి కేడె క్షేత్రములయందు ఐదువేల యేండ్లకు పైబడిన రాతిగట్ల పొలములు పీటునేల, అనగా మొక్కలు కుళ్లి పేరుకొనిన బురదనేల, క్రింద కప్పబడియున్నవి. పీటును వంటచెఱకుగా త్రవ్వుచుండగా లోతున వరుసలుగ రాళ్లు తగులుటను 1930లలో ఒక గ్రామోపాధ్యాయుడు గుర్తించుటచే ఇవి వెలుగులోనికి వచ్చినవి. కెర్రీ తీరమునుండి సుమారు 12 కిలోమీటర్ల దూరమున సముద్రమధ్యమున శిఖరమువలె లేచిన స్కెల్లిగ్ మైఖేల్ దీవిపై తొలిమధ్యయుగముల నాటి క్రైస్తవసన్న్యాసులు సున్నము లేని రాతికట్టడముతో తేనెపట్టు ఆకారపు కుటీరములను నిర్మించుకొని తపస్సు చేసిరి. 1996లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వస్థలముగ గుర్తించినది. అచ్చటికి పడవలో పోయి, 600కు పైగా రాతిమెట్లు ఎక్కవలెను. సముద్రము శాంతించిన దినములందు మాత్రమే పడవ దరిచేరును.

విదేశనౌకలకు ఈ తీరము భయంకరమైనది. 1588లో ఇంగ్లండుపై దండెత్తి, విఫలమై, ఐర్లండును చుట్టి స్వదేశమునకు మఱలుచుండిన స్పెయిన్ నౌకాదళమునకు చెందిన మూడు ఓడలు స్లైగోలోని స్ట్రీడా ఇసుకతిన్నెపై బ్రద్దలై, వేయిమందికి పైగా మరణించిరి. నెపోలియన్ కాలమున ఫ్రెంచివారి దండయాత్రకు భయపడి 1804 తరువాత ప్రభుత్వము తీరమంతటను సంకేతగోపురములను కట్టించినది. రెండవ ప్రపంచయుద్ధమున తటస్థముగ నుండిన ఐర్లండు, విమానములకు ఆకాశమునుండి కనబడునట్లు కొనకొననా తెల్లరాళ్లతో ‘ఏర’ అను దేశనామమును నేలపై పేర్చినది. మేలిన్ హెడ్ వద్ద ఆ అక్షరములు నేటికిని చదువవచ్చును. నేడు యాత్రికులు వాహనము నిలుపు దృశ్యస్థానములలో పెక్కింటికి దారి ఏర్పడుటకు ఈ కావలిస్థానములును దీపస్తంభములును కారణము.

మఱికొన్ని దారులకు కారణము ఆకలి. 1845లో బంగాళాదుంప పంటకు బూజుతెగులు సోకి కలిగిన మహాక్షామమున సుమారు పదిలక్షలమంది మరణించిరి. మఱి అంతమంది దేశమును విడిచిపోయిరి. 1841లో సుమారు 82 లక్షలైన జనసంఖ్య 1851 నాటికి 65 లక్షలకు దిగినది. పశ్చిమతీరము అన్నిటికంటె ఎక్కువగ నష్టపోయినది. ఉచితముగ అన్నము పెట్టరాదను నాటి పాలకుల విధానముననుసరించి, ఆకలిగొన్న వారిచే రాళ్లు కొట్టించి, అవసరమున్నను లేకున్నను రోడ్లు వేయించి కూలి యిచ్చిరి. బేరా ద్వీపకల్పమున కార్క్, కెర్రీ కౌంటీలను కలుపు హీలీ కనుమదారి 1847లో ఇట్లే ప్రారంభమై, నడుమ ఆగిపోయి, 1931లో గాని పూర్తికాలేదు. నేడు మోటారు సైకిలు యాత్రికులు ఎంతయో మెచ్చు ఆ మలుపులు మొదట ఎవరి చేతులతో తీర్చబడినవో తెలిసికొని పోవుట ఉచితము. 1891లో స్థాపితమైన జనసమ్మర్ద మండలాభివృద్ధి సంఘము తీరమున రేవులను, దారులను నిర్మించుట వలన చేపల వ్యాపారమునకు కొంత ఆధారము కలిగినది.

యూరపునకును అమెరికాకును ఇదియే దగ్గఱి యంచగుటచే వార్తావిజ్ఞానము ఇచ్చట తొలుత అడుగిడినది. కెర్రీలోని వాలెన్షియా ద్వీపము నుండి 1858లో అట్లాంటిక్ గర్భమున మొదటి తంతితీగ వేయగా అది కొలది వారములకే చెడిపోయినది. 1866లో శాశ్వతమైన తీగ వేయబడినది. 1907లో గాల్వేలోని క్లిఫ్డెన్ సమీపమున మార్కోనీ అట్లాంటిక్ ఆవలికి వాణిజ్యపరమైన నిస్తంతి వార్తలను ప్రారంభించెను. 1919 జూన్ 15న న్యూఫౌండ్‌లండు నుండి ఆగకుండ ఎగిరివచ్చిన ఆల్కాక్, బ్రౌన్ అను వైమానికులు పచ్చని మైదానమనుకొని దిగిన చోటు, ఆ నిస్తంతి కేంద్రము ప్రక్కననున్న పీటునేల. ఆ బురదలో విమానపు ముక్కు దిగబడినను వారు క్షేమముగ బయటపడిరి.

దారి స్వభావము

మార్గమందు ఎక్కువభాగము ఇరుకైన పల్లెదారి. ఇట్టి చిన్నదారిని ఐరిష్ భాషలో ‘బోహరీన్’ అందురు. ‘బోహర్’ అనగా దారి, ‘ఈన్’ అనునది చిన్నదనమును తెలుపు ప్రత్యయము. ‘బోహర్’ శబ్దము ఆవును తెలుపు ‘బో’ అను పదము నుండి పుట్టినది. ఈ ‘బో’యును సంస్కృతమందలి ‘గో’ శబ్దమును ఒకే మూలమునుండి వచ్చినవని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. కావున మన పల్లెలలో పశువుల రాకపోకల వలన ఏర్పడిన డొంకకును ఐరిష్ బోహరీన్‌కును పుట్టుక ఒక్కటే. దారి నడుమ రెండు చక్రపుజాడల మధ్య గడ్డి మొలచియుండును. ఇరువైపుల రాతిగోడలో, ఫుషియా పొదలో ఒరసికొనుచుండును. ఎదుట వాహనము వచ్చినచో, వెడల్పైన చోటు దగ్గఱగ ఉన్నవారు వెనుకకు నడిపి దారి యిత్తురు; దాటిపోవునప్పుడు డ్రైవరు స్టీరింగుపైనుండి ఒక వ్రేలెత్తి పలుకరించుట ఆ ప్రాంతపు మర్యాద.

అరన్ దీవులలోను క్లేర్ తీరమునను పొలములను వేఱుచేయు రాతిగోడలు సున్నముగాని మట్టిగాని లేక పేర్చినవి. రాళ్ల సందులనుండి ఆకాశము కనబడును. గాలిని అడ్డగింపక వడపోయుటచేతనే అవి పడిపోక నిలుచుచున్నవి. పెక్కు పొలములకు గేటు ఉండదు. ఆవును లోనికి తోలవలసినప్పుడు రైతు గోడలో ఒకచోట రాళ్లను తీసి దింపి, ఆవు పోయిన పిదప మఱల పేర్చును. ఈ దీవులలో సహజమైన మన్ను మిక్కిలి తక్కువగుటచే, బండపై ఇసుకను, సముద్రపు నాచును పొరలుపొరలుగ పఱచి తరతరములుగ మన్నును చేసికొనిరి.

మార్గ విభాగములు

నిర్వాహకులు మార్గమును ఆరు భాగములుగ విభజించిరి. డోనెగాల్‌లోని ఉత్తరాగ్రములు జనవిరళములు; మేలిన్ హెడ్, ఫానడ్ దీపస్తంభము, స్లీవ్ లీగ్ ఇచ్చటివి. దాని దిగువనున్న తరంగతీరము స్లైగో, మేయోల వఱకు పోవును. ముల్లామోర్ వద్ద శీతకాలమున లేచు మహాతరంగములపై సర్ఫింగు చేయుటకు ప్రపంచమందలి నేర్పరులు వత్తురు. బెన్ బుల్బెన్ పర్వతపాదమున డ్రమ్‌క్లిఫ్ చర్చి ఆవరణలో మహాకవి యేట్సు సమాధి కలదు. మేయోలోని డౌన్‌పాట్రిక్ హెడ్ వద్ద ప్రధానభూమినుండి విడివడి, సముద్రమున ఒంటరిగ నిలిచిన దూన్ బ్రిష్తె శిలాస్తంభము 1393లో తుపానుచే వేఱైనట్లు చెప్పబడుచున్నది.

అఖాతతీరమనబడు మేయో, గాల్వే భాగమున క్లూ అఖాతపు చిన్నదీవులు, 764 మీటర్ల ఎత్తైన క్రోఫ్ పాట్రిక్ పుణ్యపర్వతము కలవు. జూలై చివరి ఆదివారమున వేలకొలది భక్తులు ఈ కొండ నెక్కుదురు. కొందఱు పాదరక్షలు లేకయే ఎక్కుట మన కొండయాత్రలను తలపించును. కిల్లరీ, 16 కిలోమీటర్లు లోనికి చొచ్చుకొనివచ్చిన సముద్రపు పాయ. క్లేర్ మొదలుకొని కెర్రీ ఉత్తరభాగము వఱకు భృగుతీరము. ఈ భాగమున షానన్ నదీముఖమును కిల్లిమర్, టార్బర్ట్ రేవుల నడుమ వాహనములను మోయు ఫెర్రీపై ఇరువది నిమిషములలో దాటవచ్చును. లేనిచో లిమరిక్ చుట్టి పోవలెను.

దక్షిణ ద్వీపకల్పములు యాత్రికులు ఎక్కువకాలము గడుపు భాగము. డింగిల్ కొనయందలి స్లీ హెడ్ నుండి కనబడు గ్రేట్ బ్లాస్కెట్ దీవి 1953 నుండి నిర్జనము. వైద్యుడుగాని పూజారిగాని లేక, తుపానులలో వారములకొలది ప్రధానభూమితో సంబంధము తెగిపోవుచుండుటచే, మిగిలిన కొలదిమందిని ప్రభుత్వము ఆవలియొడ్డునకు తరలించినది. అంత చిన్న దీవినుండి తోమాస్ ఓ క్రివన్, పెగ్ సేయర్స్ మున్నగువారి స్వీయచరిత్రలు వెలువడి ఐరిష్ సాహిత్యమున స్థిరస్థానము నొందినవి. ఐవెరా ద్వీపకల్పమును చుట్టు 179 కిలోమీటర్ల రింగ్ ఆఫ్ కెర్రీ దారి వైల్డ్ అట్లాంటిక్ వే కంటె పూర్వమే ప్రసిద్ధము. బేరా కొననుండి డర్సీ దీవికి 1969 నుండి తీగమార్గము కలదు. చివరిదైన రేవుతీరము బాంట్రీ నుండి కిన్సేల్ వఱకు మెత్తబడుచు వచ్చును. కిన్సేల్ ఓల్డ్ హెడ్ సమీపముననే 1915 మే 7న లుసిటానియా ఓడ జర్మను జలాంతర్గామిచే ముంచబడినది.

యాత్రా విధానములు

కారు, మోటారు సైకిలు, పడకగల వాహనము, సైకిలు, కాలినడక, ఇవి ప్రధానసాధనములు. పదునాలుగు దినములలో 2,500 కిలోమీటర్లు ముగించుటకు దినమునకు సుమారు 180 కిలోమీటర్లు పోవలెను. చిన్నదారులలో సగటువేగము గంటకు 45 కిలోమీటర్లు దాటుట కష్టమగుటచే, నడుపుటకే నాలుగు గంటలు చెల్లును. 2025 ఫిబ్రవరి నుండి గ్రామీణ స్థానిక రహదారులపై సాధారణ వేగపరిమితి 80 నుండి 60 కిలోమీటర్లకు తగ్గింపబడినది. వారము దినములే యున్నవారు మార్గమంతయు పరుగెత్తుటకంటె ఒక విభాగమును ఎంచుకొనుట మేలు. సైకిలుపై దినమునకు 80 కిలోమీటర్ల చొప్పున పోయినను నెలదినములు పట్టును.

ఏ దిక్కునుండి బయలుదేరవలెనను ప్రశ్నకు సంస్థాసూచికలు సమాధానమీయవు. అవి ఉత్తరము, దక్షిణము రెండు దిక్కులను చూపును. అయినను దక్షిణమునుండి ఉత్తరమునకు పోవుటయందు రెండు సౌకర్యములు కలవు. ఐర్లండులో మనవలెనే వాహనములు ఎడమవైపున నడచును. సముద్రము పడమటనుండుటచే, ఉత్తరముగ పోవువారికి సముద్రము ఎడమచేతివైపునే, అడ్డములేక ఉండును. దృశ్యస్థానమున ఆగుటకు ఎదురువాహనముల వరుసను దాటవలసిన పనిలేదు. రెండవది గాలి: నైరృతవాయువు వీపునకు తగులుట సైకిలు యాత్రికులకు గొప్ప సహాయము. ఐవెరా ద్వీపకల్పమున పెద్దబస్సులు గడియారపు ముల్లునకు వ్యతిరేకదిశలో తిరుగు ఆచారము కలదు. చిన్నవాహనములవారు ఇరుకుతావులలో వానికి ఎదురుపడకుండుటకై ఈ సంగతి తెలిసికొని బయలుదేరవలెను.

జూన్ మాసాంతమున ఉత్తరభాగమున పగలు 17 గంటలకు పైబడియుండగా, డిసెంబరులో ఏడు గంటల పైచిలుకు మాత్రమే యుండును. మే, జూన్, సెప్టెంబరు మాసములు జనసమ్మర్దము లేక అనుకూలములు. భారత పౌరులకు ఐర్లండు వీసా అవసరము. ఆ దేశము షెంగెన్ ఒడంబడికలో చేరలేదు. మార్గపు ఉత్తరాంచు బ్రిటిషు పాలనలోని డెర్రీ నగరమునకు సమీపము. సరిహద్దు దాటినంతనే దూరములు మైళ్లలోనికి, యూరో పౌనులోనికి మారును.

భాష

మార్గము పెక్కుచోట్ల గేల్‌తక్త్ అనబడు ఐరిష్ భాషాప్రాంతముల గుండ పోవును. అచ్చటి సూచికలపై స్థలనామములు ఐరిష్‌లో మాత్రమే యుండుటచే, ఇంగ్లీషు పటమును చేతబట్టిన యాత్రికుడు తికమక పడును. పటమున డింగిల్ అని యున్న ఊరికి ఐరిష్‌లో ‘డేంగన్ ఈ ఖూష్’ అని పేరు. ఇది అసౌకర్యముగ తోచవచ్చును గాని, మరణోన్ముఖమైన భాష తన నేలపై తన పేరుతో నిలువగోరుటలో న్యాయము కలదు.

భారతదేశముతో సంబంధములు

డ్రమ్‌క్లిఫ్‌లో సమాధియైన యేట్సు కవి 1912లో రవీంద్రుని గీతాంజలి ఇంగ్లీషు కూర్పునకు పీఠిక వ్రాసెను. కెర్రీలోని బన్నా ఇసుకతిన్నెపై 1916 ఏప్రిల్ 21న జర్మను జలాంతర్గామి నుండి దిగిన రోజర్ కేస్‌మెంట్, ఐరిష్ తిరుగుబాటు సంబంధమున పట్టుబడి ఉరితీయబడెను. ఆ దినములలో డబ్లిన్ నగరమున న్యాయశాస్త్రము చదువుచుండిన తెలుగు యువకుడు వరాహగిరి వెంకటగిరి, ఆ ఉద్యమమునకు ఆకర్షితుడై, అదే సంవత్సరము స్వదేశమునకు మఱలెను. ఆయనయే పిమ్మట భారత రాష్ట్రపతి యైన వి.వి. గిరి.

మూడవ సంబంధము దుఃఖకరము. 1985 జూన్ 23న కెనడా నుండి లండను మీదుగ ఢిల్లీకి వచ్చుచుండిన ఎయిర్ ఇండియా ‘కనిష్క’ విమానము బాంబు ప్రేలి ఈ తీరమునకు నైరృతిదిశలో సముద్రమున కూలినది. 329 మంది మరణించిరి. 131 దేహములు మాత్రమే లభించినవి. షీప్స్ హెడ్ ద్వీపకల్పమందలి అహకిస్టా పల్లెవద్ద, నీటియంచున, సూర్యఘటికారూపమున ఒక స్మారకమును మఱుసటి సంవత్సరము నెలకొల్పిరి. గోడపై మృతుల పేర్లు చెక్కబడియున్నవి. ఏటేట జూన్ 23న బంధువులును ఊరివారును అచ్చట గూడుదురు. మార్గమున పోవు భారతీయుడు ప్రధానదారినుండి కొంత తప్పుకొనియైనను ఇచ్చట ఆగవలెను.

సంరక్షణ, మార్పు

యాత్రికుల రాక వలన పల్లెలకు జీవనోపాధి పెరిగినది. వేసవిలో మోహర్, స్లీ హెడ్ వంటి చోట్ల దారులు క్రిక్కిరియుటయు పెరిగినది. స్కెల్లిగ్ మైఖేల్‌పై దిగుటకు వేసవిమాసములలో మాత్రమే, పరిమితసంఖ్యలో అనుమతి యిత్తురు. 2015లో విడుదలయైన స్టార్ వార్స్ చలనచిత్రమున ఆ దీవి కనబడిన పిదప అనుమతికై పోటీ హెచ్చినది. భృగువుల అంచులు అడుగునుండి అలలచే తొలుచబడుచుండుటచే కంచె దాటుట ప్రాణాపాయము.

తీరము స్థిరమైనది కాదు. ఆకిల్ ద్వీపమందలి డూఆ ఊరి ఇసుకతీరమును 1984లో తుపానులు పూర్తిగ కొట్టుకొనిపోగా, ముప్పదిమూడు సంవత్సరములు అచ్చట బండలే మిగిలినవి. 2017 వసంతమున కొలది దినములలోనే సముద్రము ఆ ఇసుకను తెచ్చి మఱల పఱచినది. ఊరివారు దానిపై నడచి చూచిరి; రెండేండ్లు గడవకమునుపే తుపానులు వచ్చి దానిని మఱల తీసికొనిపోయినవి.